అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) అసిస్టెంట్‌గా చేరుతున్నారా? ఏది మీ పనో ఏది కాదో చూసుకోవడం ఇలా

నేను కోటా పాసయ్యానని మా అమ్మకి ఫోన్ చేసి చెప్తే రేషన్ షాపు కోటా అనుకుని "అక్కడ కూడా బియ్యం ఇస్తారుటే?" అంది. సర్టిఫైడ్ ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ అని విడమర్చి చెప్పాక కూడా "అంటే డాక్టర్‌కి అసిస్టెంటా, నర్సా" అని ఇంకో పది ప్రశ్నలు. జబ్బు చేసినవాళ్ళు, దెబ్బ తగిలినవాళ్ళు తినడం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు మళ్ళీ చేసుకునేలా చేయించే థెరపీ ఇది. అమ్మ సంగతి సరే, కానీ కోర్సు పూర్తి చేసి మొదటి ఉద్యోగంలో చేరుతున్న మనవాళ్ళు కూడా చాలామంది నా పని ఎక్కడిదాకా, మా పైన ఉండే ఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్ట్, పని ఎక్కణ్ణించి అన్నది తెలియకుండానే చేరిపోతున్నారు. హెచ్4 అనే డిపెండెంట్ వీసా మీద వచ్చి 2015 తర్వాత ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే పర్మిట్, దొరికాక ఏదో ఒకటి చదువుదాం అనుకుని, రెండేళ్ళ కోర్సు కదా అని దీంట్లోకి వచ్చినవాళ్ళు నాకు తెలిసే అరడజను మంది ఉన్నారు, వాళ్ళు అడిగినప్పుడల్లా ఫోన్లో చెప్పేదే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నా. నేను టెక్సాస్‌లో చేస్తున్నా కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఎక్కువ ఉంటాయి.

ముందు మనుషుల్ని సర్దుకుందాం. క్లినిక్‌లో మూడు రకాల వాళ్ళు కనిపిస్తారు. ఒకరు ఓటీ, అంటే థెరపిస్ట్, ఇక్కడ 2007 నుంచి ఈ చదువు మాస్టర్స్ లెవెల్‌కి మారింది, ఫీల్డ్‌వర్క్ లెవెల్ 2 అని 24 వారాలు ట్రైనింగ్ చేస్తారు. రెండోవాళ్ళం మనం, ఓటీఏలం, సాధారణంగా రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ, ఫీల్డ్‌వర్క్ 16 వారాలు. మూడోవాళ్ళు ఎయిడ్‌లు, కొన్నిచోట్ల టెక్ అంటారు, వీళ్ళకి లైసెన్స్ ఉండదు. ఓటీకి, ఓటీఏకి ఎన్‌బీకాట్ అనే జాతీయ సర్టిఫికేషన్ సంస్థ వాళ్ళ పరీక్షలు వేర్వేరుగా ఉంటాయి, రెండింట్లోనూ 450 వస్తే పాస్. ఇక్కడ చాలామంది పొరబడేది ఏంటంటే పరీక్ష పాసైతే పనిచెయ్యొచ్చు అనుకుంటారు. కాదు. ఎన్‌బీకాట్ ఇచ్చేది సర్టిఫికేషన్, పనిచెయ్యడానికి పర్మిషన్ ఇచ్చేది స్టేట్ లైసెన్స్. లైసెన్స్ నంబర్ రాకముందే మేనేజర్ "సోమవారం నుంచి పేషెంట్లని చూడు" అంటే చూడొద్దు, ఓరియెంటేషన్ వీడియోలు ఉంటాయి కదా అవి చూసుకోండి. సర్టిఫికేషన్ మూడేళ్ళకోసారి రెన్యూ చెయ్యాలి, చెయ్యకపోతే పేరు పక్కన కోటా అని రాసుకునే హక్కు పోతుంది.

ఇప్పుడు చెయ్యాల్సిన మొదటి పని, ఈరోజే చెయ్యండి, మీ స్టేట్ బోర్డ్ సైట్ ఓపెన్ చేసి రెండు డాక్యుమెంట్లు డౌన్‌లోడ్ చేసుకోండి. ఒకటి చట్టం, రెండోది రూల్స్. చట్టం స్టేట్ అసెంబ్లీ పాస్ చేసింది, పెద్ద పెద్ద మాటల్లో ఉంటుంది, రూల్స్ బోర్డ్ రాసింది, మన రోజువారీ పనికి కావాల్సింది దీంట్లోనే ఉంటుంది. టెక్సాస్‌లో అయితే చట్టం ఆక్యుపేషన్స్ కోడ్‌లో చాప్టర్ 454, రూల్స్ రాసేది టెక్సాస్ బోర్డ్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ ఎగ్జామినర్స్, లైసెన్స్‌కి ముందు ఈ రూల్స్ మీద జ్యూరిస్‌ప్రుడెన్స్ ఎగ్జామ్ కూడా పెడతారు, అప్పుడు గబగబా చదివి మర్చిపోతాం, నేనూ అంతే. మొత్తం చదవక్కర్లేదు, సెర్చ్‌లో సూపర్విజన్, ఎవాల్యుయేషన్, డెలిగేషన్, డాక్యుమెంటేషన్, ఎయిడ్ అన్న పదాలు కొట్టి ఆ పేరాలు ప్రింట్ తీసుకోండి. న్యూజెర్సీలో ఉన్న ఫ్రెండ్ "మా దగ్గర ఇలా చేస్తాం" అంటే వినండి, పాటించకండి, స్టేట్ మారితే రూల్ మారుతుంది. కాలిఫోర్నియానే చూడండి, అక్కడ థెరపిస్ట్ అయినా సరే హ్యాండ్ థెరపీ, ఫిజికల్ ఏజెంట్ మొడాలిటీస్ అంటే అల్ట్రాసౌండ్ లాంటివి, మింగడం కష్టమైన వాళ్ళకిచ్చే థెరపీ, ఈ మూడింటికీ బోర్డ్ దగ్గర విడిగా అప్రూవల్ తీసుకోవాలి. వీడియో కాల్‌లో థెరపీ ఇస్తున్నా ఇదే కథ, మీరెక్కడ కూర్చున్నారని కాదు, పేషెంట్ ఎక్కడున్నారో ఆ స్టేట్ లైసెన్స్ చూస్తారు.

స్టేట్లు ఎన్ని రకాలుగా రాసుకున్నా అసలు గీత మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒక్కదగ్గరే ఉంటుంది. పేషెంట్‌ని ఎవాల్యుయేట్ చెయ్యడం, ఆ వచ్చినదానికి అర్థం చెప్పడం, ప్లాన్ రాయడం, గోల్ మార్చడం, డిశ్చార్జ్ నిర్ణయించడం ఓటీ బాధ్యత. ఆ ప్లాన్ ప్రకారం థెరపీ ఇవ్వడం, ఆరోజు పేషెంట్‌ని బట్టి యాక్టివిటీ తేలిక చెయ్యడం బరువు చెయ్యడం, ఏం చూశామో రాయడం, ఓటీకి చెప్పడం మన పని. పేపర్ మీద చదివితే ఇది ఎంత క్లియర్‌గా ఉందో నిజంగా పేషెంట్ ముందు కూర్చుంటే అంత క్లియర్‌గా ఉండదు.

నాకు జరిగింది చెప్తా, పేషెంట్ వివరాలు మార్చే రాస్తున్నా. స్ట్రోక్ వచ్చిన మన తెలుగు పెద్దాయన ఒకరు, ప్లాన్‌లో గోల్ ఏంటంటే కుడిచేత్తో స్పూన్ పట్టుకుని సొంతంగా తినడం. రెండు వారాలు స్పూన్ పట్టిస్తున్నా, ఆయన పట్టుకుంటున్నారు, మొహంలో మాత్రం ఏమీ లేదు. ఒకరోజు "అమ్మాయ్, ఈ గరిటె నాకెందుకు, పప్పన్నం కలుపుకుని ముద్ద పెట్టుకోగలనా లేదా అది చెప్పు" అన్నారు. నిజమే కదా, అన్నం కలపడానికి వేళ్ళన్నీ కావాలి, ముద్ద చెయ్యడం వేరు, స్పూన్ పట్టడం వేరు, ఎవాల్యుయేషన్ చేసిన అమెరికన్ ఓటీకి ఆ సంగతి తట్టే అవకాశమే లేదు. నాకు ఆ క్షణంలోనే గోల్ కొట్టేసి కొత్తది రాసెయ్యాలనిపించింది. కానీ అది నేను చెయ్యకూడదు. నేను చేసిందల్లా నోట్‌లో పేషెంట్ ఏమన్నారో అది రాసి, అదేరోజు ఓటీకి ఫోన్ చేసి మనవాళ్ళు చేత్తో ఎలా తింటారో వివరించి చెప్పాను, ఆవిడ తర్వాతి విజిట్‌కి తనే వచ్చి చూసి గోల్ మార్చింది. ఆ మర్నాటి నుంచి థెరపీ పుట్టీతో, అంటే చేతి వ్యాయామానికి వాడే మెత్తటి బంకమట్టి లాంటిదాంతో, అన్నం ముద్దలు చేయించాం, అది నా ఐడియానే, ప్లాన్ లోపలిది కాబట్టి దానికి ఎవర్నీ అడగక్కర్లేదు. మీకు డౌట్ వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్నే వేసుకోండి, మీరు మారుస్తున్నది చేరాల్సిన ఊరినా, వెళ్ళే దారినా? దారి అయితే మీది, ఊరు అయితే ఫోన్ తియ్యండి.

టెస్టుల సంగతి కొంచెం తికమకగా ఉంటుంది. కొన్ని స్టాండర్డ్ టెస్టులు ఓటీ మనకి అప్పజెప్పొచ్చు, అది మనకి సరిగ్గా వచ్చని ముందు చూసుకున్నాక. గ్రిప్ స్ట్రెంగ్త్ కొలిచి నంబర్ రాయండి తప్పులేదు, ఆ నంబర్ చూసి "ఇంకా ఆరు వారాలు థెరపీ కావాలి" అని రాయడమే మీ పని కాదు. స్కూళ్ళలో చేసేవాళ్ళు కూడా జాగ్రత్త, అక్కడ ఐఈపీ, అంటే స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలకి విడిగా రాసే ప్లాన్, దాని మీటింగ్‌లో తల్లిదండ్రులు మన తెలుగువాళ్ళైతే మనవైపు తిరిగి "మావాడికి ఇంకో అరగంట పెంచరా" అని తెలుగులోనే అడిగేస్తారు, మొహమాటానికి సరే అనకండి.

సూపర్విజన్ గురించి మొదటిరోజే ఈ సంగతులు అడిగి రాసుకోండి: నా సూపర్వైజింగ్ ఓటీ ఎవరు, ఆవిడ లీవ్‌లో ఉంటే ఎవరు, ఎమర్జెన్సీలో ఏ నంబర్‌కి చెయ్యాలి, ఎన్నాళ్ళకోసారి కలుస్తాం. మేనేజర్ పేరు చెప్తే ఒప్పుకోకండి, మేనేజర్ ఎవరైనా కావొచ్చు, మన పనికి బాధ్యత లైసెన్స్ ఉన్న ఓటీది. టెక్సాస్‌లో సూపర్విజన్‌కి లాగ్ ఉండాలి, వేరే స్టేట్‌లో అడగకపోయినా పెట్టుకోండి. నేను ఒక చిన్న డైరీలో తేదీ, ఎంతసేపు, ఏం మాట్లాడాం, అంతే రాస్తా. మొదట్లో బద్ధకించి నెలాఖరున కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసేదాన్ని, దానికన్నా పాడు అలవాటు లేదు, ఎవరైనా తేదీలు పోల్చి చూస్తే దొరికిపోతాం.

ఇక మెడికేర్, అంటే ముఖ్యంగా పెద్దవాళ్ళకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్, డబ్బుల విషయం, ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఔట్‌పేషెంట్ అంటే పార్ట్ బీలో, ఒక సర్వీస్‌లో 10 శాతం కన్నా ఎక్కువ ఓటీఏ ఇస్తే బిల్లు మీద సీఓ అనే మాడిఫయర్, అంటే ఇది ఓటీఏ చేసిందని చెప్పే గుర్తు, పెట్టాలి, ఇది 2020లో మొదలైంది, 2022 జనవరి 1 నుంచి అలాంటి వాటికి మెడికేర్ 85 శాతమే ఇస్తోంది. లెక్క ఇలా వేసుకోండి, ఒప్పుకున్న రేటు 100 డాలర్లు అనుకుంటే మామూలుగా మెడికేర్ 80 ఇస్తుంది, పేషెంట్ 20 కడతారు. మనం ఇచ్చిన సర్వీస్ అయితే ఆ 80లో 85 శాతం అంటే 68 వస్తుంది, పేషెంట్ కట్టే 20 మాత్రం అంతే. ఆ పన్నెండు డాలర్ల కోసం కొందరు "ఓటీ కో-సైన్ చేసింది కదా, ఓటీ పేరు మీదే వేసెయ్" అంటారు. మన నోట్ కింద ఓటీ కూడా సంతకం పెట్టడమే కో-సైన్, అది చేస్తే మనం చేసిన పని ఓటీ చేసినట్టు అయిపోదు. అందుకే నిమిషాలు విడివిడిగా రాయండి, ఓటీ ముప్పై నిమిషాలు చేసి నేను పదిహేను విడిగా చేస్తే నా యూనిట్‌కే సీఓ, ఆవిడవాటికి ఉండదు.

మెడికేర్‌లోనే ఇంకో రెండు కూడా గుర్తుంచుకోండి. ప్రోగ్రెస్ రిపోర్ట్ పది ట్రీట్‌మెంట్ రోజులకి ఒకటైనా ఉండాలి, అది ఓటీనే రాయాలి, మనం మన అబ్జర్వేషన్లు ఇవ్వొచ్చు గానీ మనం రాసింది రిపోర్ట్ కింద లెక్కకి రాదు, పైగా ఆ పది రోజుల్లో కనీసం ఒక్కరోజు ఓటీ స్వయంగా థెరపీ ఇచ్చి ఉండాలి. నేను క్యాలెండర్‌లో ఎనిమిదో విజిట్‌కి అలారం పెట్టుకుంటా. రెండోది, ప్రైవేట్ ప్రాక్టీస్‌లో ఇంతకుముందు ఓటీ ఆఫీసులోనే ఉండాలన్నట్టు ఉండేది, 2025 జనవరి 1 నుంచి మెడికేర్ జనరల్ సూపర్విజన్ చాలు అంది, అంటే ఫోన్‌లో దొరికితే చాలు. కానీ మీ స్టేట్ రూల్ ఇంతకన్నా గట్టిగా ఉంటే స్టేట్‌దే పాటించాలి.

ఎయిడ్ గురించి. మంచాలు తుడవడం, సామాన్లు సర్దడం ఎలాగూ చేస్తారు, పేషెంట్‌తో ఏదైనా చేయించాలంటే మాత్రం ఆ పని రోజూ చేసే రొటీన్ అయ్యుండాలి, ఏమవుతుందో ముందే తెలిసుండాలి, పేషెంట్ అంతకుముందు చేసి చూపించి ఉండాలి, ఎయిడ్ సొంతంగా ఆలోచించి మార్చాల్సిన అవసరం రాకూడదు. ఎయిడ్ ఇచ్చిన టైమ్‌ని థెరపీ అని మెడికేర్‌కి బిల్ చెయ్యకూడదు. ఇండియాలో బీఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ, చేసొచ్చి ఎన్‌బీకాట్ ఎలిజిబిలిటీ కోసం ఎదురుచూస్తూ ఎయిడ్‌గా చేరేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళతో నాకు ఒకటే మాట, అక్కడ మీరు ఎంత పెద్ద థెరపిస్ట్ అయినా ఇక్కడ లైసెన్స్ వచ్చేదాకా పేషెంట్ ముందు నేను ఓటీని అనకండి. ఆ పేరు వాడుకోవడమే తప్పు కింద లెక్క, మీకు పని తెలుసా లేదా అన్నది ఎవరూ చూడరు. మనసుకి కష్టంగానే ఉంటుంది, మీకన్నా అనుభవం తక్కువున్న వాళ్ళు చెప్పింది మీరు చెయ్యాలి.

అన్నిటికన్నా కష్టమైంది గుడి దగ్గర. ఆదివారం ప్రసాదం లైన్‌లో నిల్చుంటే ఎవరో ఒక ఆంటీ పట్టుకుని "మా ఆయనకి భుజం లేవట్లేదమ్మా, నువ్వు థెరపీయే కదా, సాయంత్రం ఇంటికొచ్చి కాస్త చూసి పో" అంటారు. డబ్బులు తీసుకోకపోతే పర్లేదు అనుకుంటాం. మనకి ఓటీ రాసిన ప్లాన్ లేకుండా థెరపీ ఇచ్చే హక్కు లేదు, ఉచితమా కాదా అన్నదానితో సంబంధం లేదు. నేనైతే "ఆంటీ, ముందు డాక్టర్‌కి చూపించి ఓటీ ఎవాల్యుయేషన్‌కి రెఫరల్ అడగండి, ఫోన్లో ఏమని అడగాలో నేను రాసిస్తా" అంటా, కావాలంటే ఆవిడ తరఫున అపాయింట్‌మెంట్‌కి ఫోన్ కూడా చేస్తా. ఒకరిద్దరు బిగుసుకున్నారు, బిగుసుకోనివ్వండి.

మేనేజరే గీత దాటమంటే వాదించకండి, నోటితో చెప్పి వదిలెయ్యకండి కూడా. "ఈ రీ-ఎవాల్యుయేషన్ మన స్టేట్ రూల్ ప్రకారం ఓటీ చెయ్యాలి, ఓటీ ఎప్పుడు వస్తారో చెప్తే పేషెంట్‌ని ఆ టైమ్‌కి పెడతా" అని మెయిల్ పెట్టండి, రూల్ పేరా కింద అతికించండి. నేను మొదట పనిచేసిన చోట ఇలా ఒక మెయిల్ పెడితే గంటలో ఓటీ వచ్చింది, ఆ తర్వాత నన్ను ఎవరూ అడగలేదు, లంచ్‌కి పిలవడం కూడా మానేశారనుకోండి. ఇంకా ఒత్తిడి చేస్తే బోర్డ్‌కి మెయిల్ చేసి రూల్ అర్థం అడగొచ్చు.

చివరగా ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు స్టేట్ లైసెన్స్ లుకప్‌లో మీ సూపర్వైజింగ్ ఓటీ పేరు కొట్టి చూడండి, ఫ్రీనే, రెండు నిమిషాలు పడుతుంది, ఎక్స్‌పైరీ తేదీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.