చదువు టైమర్ కిట్: సమస్య - పరిష్కారం

25 నిమిషాల చదువు, 5 నిమిషాల విరామం చొప్పున గంట మోగించే టైమర్‌ను ఏటీటైనీ85 అనే చిన్న ప్రోగ్రామబుల్ చిప్ ఉన్న కిట్‌తో ఇంట్లోనే సోల్డర్ చేసుకోవచ్చు. అది మొరాయించినప్పుడు చాలామంది ముందు ప్రోగ్రామునే అనుమానిస్తారు గాని, నేను చూసిన బోర్డుల్లో ఎక్కువ వాటికి తప్పు అతుకుల దగ్గరే ఉంది.

సమస్య: బ్యాటరీ పెట్టినా ఏమీ వెలగదు.

చిప్‌ను సాకెట్ నుంచి తీసి, మల్టీమీటర్‌తో సాకెట్ 8వ, 4వ కాళ్ల (పిన్నుల) మధ్య వోల్టేజీ చూడండి. బ్యాటరీ హోల్డర్ దగ్గర 3 వోల్టులు ఉండి ఇక్కడ లేకపోతే, మధ్యలో ఎక్కడో డ్రై సోల్డర్ (సరిగా అంటుకోని అతుకు) ఉన్నట్టే. ఇక్కడ కూడా 3 వోల్టులు ఉంటే చిప్ తిరగబడి కూర్చుందేమో చూడాలి. చిప్ మీది చుక్క ఒకటో కాలి వైపు ఉండాలి. తిరగేసి పెట్టిన చిప్ వేలికి వేడి తగులుతుంది, అప్పుడు వెంటనే బ్యాటరీ తీసేయాలి.

సమస్య: సోల్డర్ కాలికి అంటకుండా గుండులా నిలుస్తుంది.

దీనికి మన ప్రాంతంలో తరచుగా లెక్కలోకి రాని కారణం ఒకటుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో బోరు మోటార్లు నడిచే వేళల్లో వోల్టేజీ 180 దాకా పడిపోతే, 230 వోల్టులకు తయారైన 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ దాదాపు 15 వాట్లే ఇస్తుంది. ఎందుకంటే వేడి వోల్టేజీ వర్గాన్ని అనుసరించి తగ్గుతుంది. దానికి తోడు ఎండాకాలమని నెత్తిన ఫ్యాన్ తిరుగుతుంటే ఐరన్ మొన మరింత చల్లారుతుంది. కాబట్టి మోటార్లు ఆగిన వేళ చూసుకుని, ఫ్యాన్ ఆపి, కిటికీ తెరిచి కూర్చోండి. ఐరన్ మొనను ముందు కాలికీ, బోర్డు మీది రాగి చుక్కకూ (ప్యాడ్) కలిపి రెండు మూడు సెకన్లు ఆనించి, ఆ తర్వాతే సోల్డర్ తీగను అక్కడికి తేవాలి. మొన మీద తీగ కరిగించి కాలికి పూయడం పాత రేడియో మెకానిక్కులు కూడా ఒప్పుకోని పద్ధతి.

సమస్య: ప్రోగ్రాం ఎక్కదు, చిప్ గుర్తింపు సంఖ్య తప్పని వస్తుంది.

ఈ చిప్ గుర్తింపు 1ఈ 93 0బీ. దానికి బదులు అన్నీ సున్నాలో, అన్నీ ఎఫ్‌లో వస్తే చిప్ పాడైందనుకోకండి. చిప్ నుంచి డేటా తెచ్చే మీసో, చిప్‌కు డేటా పంపే మోసీ తీగలు తారుమారయ్యాయేమో, సాకెట్‌లోకి దిగకుండా ఏదైనా కాలు లోపలికి మడతపడిందేమో చూడండి. చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించడానికి ఆర్డ్యూనో ఊనో బోర్డును ప్రోగ్రామర్‌గా వాడుతుంటే, దాని రీసెట్, గ్రౌండ్‌ల మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి.

సమస్య: 25 నిమిషాలు 200 నిమిషాలవుతున్నాయి.

ఇది అతుకు తప్పు కాదు. కొత్త చిప్ లోపలి 8 మెగాహెర్ట్జ్ గడియారాన్ని 8తో భాగించే ఫ్యూజ్‌తో (చిప్ లోపల భద్రమయ్యే సెట్టింగుతో) వస్తుంది. ప్రోగ్రాం మాత్రం 8 మెగాహెర్ట్జ్ ఉందనుకుంటుంది. ఆర్డ్యూనో సాఫ్ట్‌వేర్‌లో 8 మెగాహెర్ట్జ్ అంతర్గత గడియారం ఎంచుకుని ఒకసారి 'బర్న్ బూట్‌లోడర్' ఆదేశం ఇస్తే ఆ ఫ్యూజ్ మారుతుంది. రీసెట్ కాలును రద్దు చేసే ఫ్యూజ్ జోలికి మాత్రం పోవద్దు, ఆ తర్వాత 12 వోల్టుల ప్రత్యేక ప్రోగ్రామర్ లేనిదే చిప్ మాట వినదు.

తేడా ఒకటి రెండు నిమిషాలే అయితే లోపలి గడియారం ఖచ్చితత్వం అంతేనని అర్థం. కంపెనీ సర్దుబాటు 10 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. ఫోనులోని గడియారంతో పోల్చి కొలవండి. 25 నిమిషాలకు 26 పడితే, ప్రోగ్రాంలో సెకనుకు 1000 బదులు 962 మిల్లీసెకన్లు రాస్తే సరిపోతుంది.

సమస్య: గంట మోగాల్సిన క్షణంలో టైమర్ మళ్లీ మొదటికి వస్తుంది.

గంట మోగించే బజర్ తీసుకునే కరెంటుకు సీఆర్2032 బిళ్ల బ్యాటరీ వోల్టేజీ కుంగి చిప్ రీసెట్ అవుతోంది. సరఫరా ప్లస్, మైనస్‌ల మధ్య 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను, దాని ప్లస్, మైనస్ కాళ్లు చూసి, అతికించండి. అప్పటికీ ఆగకపోతే రెండు పెన్సిల్ సెల్లులకు మారండి.