ఊళ్లో పొగ నిషేధం నీరుగారకుండా చూసుకోవడం ఎలా?

బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధించే నిబంధనలు 2008 అక్టోబర్ 2 నుంచి దేశమంతటా అమలులో ఉన్నాయి. వాటిని ఎవరూ రద్దు చేయనక్కరలేదు. బోర్డు వెలిసిపోయి, పట్టించుకునే అధికారి బదిలీ అయిపోతే చాలు, ఊళ్లో నిషేధం పేరుకే మిగులుతుంది.

కాబట్టి ముందుగా 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టాన్నీ (కోట్పా), ఆ నిబంధనలనూ చదువుకోవాలి, ఎందుకంటే వాదనలన్నీ వాటి అంచుల దగ్గరే పుడతాయి. "ఇది ఆరుబయలే కదా" అని బస్టాండులో అంటారు. చట్టం ఆరుబయలును మినహాయించిన మాట నిజమే గానీ, బస్టాండు, రైల్వే స్టేషన్, స్టేడియం వంటి జనం వచ్చిపోయే చోట్లు ఆ మినహాయింపులోకి రావని నిబంధనలు తేల్చి చెప్పాయి. హోటల్లో ప్రత్యేక పొగగది పెట్టుకోవాలంటే కనీసం 30 గదులో, రెస్టారెంటైతే 30 మంది కూర్చునే చోటో ఉండాలి. టీకొట్టు మూలన వేసిన బల్లకు ఆ వెసులుబాటు లేదు. బడికి 100 గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదన్న దూరాన్ని కొందరు గేటు నుంచి నడకదారి వెంట కొలిచి చూపిస్తారు, కానీ దాన్ని ప్రహరీ గోడ వెలుపలి అంచు నుంచి నేరుగా కొలవాలి.

తర్వాత నలుగురూ కలిసి ఊరంతా తిరిగి, బోర్డు ఎక్కడ లేదో, ఫిర్యాదు ఎవరికి చేయాలో దానిపై ఎక్కడ రాయలేదో, యాష్‌ట్రేలు ఎక్కడ పెట్టారో తేదీలతో రాసుకోవాలి. పొగతాగేవారి ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. పక్కింటివారితో పగే తప్ప దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. చట్టం స్థలం నిర్వాహకుడిపైనా బాధ్యత పెట్టింది గనుక మొదట ఆయనతోనే మాట్లాడాలి. బేరాలు పోతాయని కొట్టువాళ్లు భయపడితే, బడి దూరం నియమాన్ని పాటించి పెద్దలకు అమ్ముకోవడాన్ని ఈ చట్టం ఆపడం లేదని ఓపికగా చెప్పాలి.

మాటతో కదలనప్పుడు గ్రామసభలో తీర్మానం చేయించి, దాని ప్రతితో తెలంగాణలోనైతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇవ్వాలి. గత ఏడాది ఎన్ని జరిమానాలు వేశారో సమాచార హక్కు చట్టం కింద అడిగితే మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి; "సున్నా" అని వచ్చినా ఆ కాగితం తదుపరి అర్జీకి బలమే. స్థానిక సంస్థ సమావేశంలో సడలింపు ప్రతిపాదన వస్తే, కేంద్ర చట్టాన్ని సడలించే అధికారం ఆ సంస్థకు లేదన్న అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి.