ఇంట్లో కారు స్టీరియో: బేస్ రాగానే సెట్ ఆగిపోతుంటే

కారు నుంచి తీసిన స్టీరియోను 12 వోల్టుల ఎస్‌ఎమ్‌పీఎస్‌తో (ఇంటి కరెంటును 12 వోల్టుల డీసీగా మార్చే పవర్ సప్లైతో) ఇంట్లో వాడేవారు తరచూ చెప్పే సమస్య ఒకటుంది. తక్కువ వాల్యూమ్‌లో చక్కగా మోగే సెట్, వాల్యూమ్ పెంచి బేస్ రాగానే ఆగిపోయి మళ్ళీ మొదటినుంచి ఆన్ అవుతుంది. చాలామంది సెట్ లోపలి యాంప్లిఫయరు చిప్ (ఐసీ) పోయిందనుకుని రిపేరుకు ఇస్తారు, లేదా స్పీకర్లు మారుస్తారు. దయచేసి ముందు, సెట్ గట్టిగా మోగుతుండగా, దాని వెనుక పసుపు (సరఫరా), నలుపు (గ్రౌండు) వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి.

సెట్ ఊరికే ఉన్నప్పుడు చూస్తే మీటరు 12 వోల్టులే చూపిస్తుంది, అందుకే ఈ లోపం దొరకదు. పాటలో బేస్ ఒక్క క్షణమే ఉంటుంది కాబట్టి ఆ పతనాన్ని మామూలు మీటరు పట్టుకోలేదు. ఫోన్‌లోంచి 50 హెర్ట్జ్ టోన్‌ను ఆపకుండా మోగిస్తూ వాల్యూమ్‌ను మెల్లగా పెంచండి. సెట్ దగ్గర వోల్టేజీ 11 కంటే కిందికి జారుతుంటే, అదే రీడింగును ఎస్‌ఎమ్‌పీఎస్ టెర్మినళ్ళ దగ్గర కూడా తీసుకోండి.

అక్కడా పడిపోతుంటే ఎస్‌ఎమ్‌పీఎస్ చాలడం లేదు. ఎల్‌ఈడీ స్ట్రిప్పులకు అమ్మే 5 ఆంపియర్లది ఈ పనికి రాదు. సెట్ వెనుక ఫ్యూజు 10 ఆంపియర్లదైతే కనీసం అంత ఇచ్చేది, వీలైతే 15 ఆంపియర్లది తీసుకోండి. అక్కడ నిలబడి సెట్ దగ్గర మాత్రమే పడిపోతుంటే తప్పు వైరుది, లేదా మెలితిప్పి టేపు చుట్టిన జాయింటుది. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు 2 మీటర్ల దూరానికి, రానూపోనూ కలిపి, 10 ఆంపియర్ల వద్ద సుమారు 0.7 వోల్టు తినేస్తుంది, 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే 0.3 దాటదు. జాయింట్లకు టంకం పెట్టండి.

స్విచ్ ఆపిన ప్రతిసారీ సెట్టింగులు పోతుంటే, పసుపు వైరుకు కరెంటు ఆగిపోతోందని అర్థం. దానికి సరఫరా ఎప్పుడూ ఉంచి, సెట్‌ను ఆన్ చేసే ఎర్ర వైరుకు మాత్రమే స్విచ్ పెట్టండి. హమ్మింగ్ వస్తుంటే కంప్యూటర్ కేబుల్ తీసి, చార్జరుకు పెట్టని ఫోన్‌తో వినండి. శబ్దం ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే పరికరాల గ్రౌండులు ఒకటికంటే ఎక్కువ దారుల్లో కలవడం వల్ల వచ్చే హమ్మింగ్.

హోమ్ యాంప్లిఫయరుకు కలిపేటప్పుడు సెట్ వెనుక ఉండే ఆర్‌సీఏ అవుట్‌పుట్ (యాంప్లిఫయరుకు ఆడియో పంపే గుండ్రటి సాకెట్లు) వాడండి. స్పీకర్ల నెగెటివ్ వైర్లను ఒకదానితో ఒకటి గానీ, గ్రౌండుకు గానీ ఎన్నడూ కలపవద్దు, ఈ సెట్లలో అవి గ్రౌండు కావు. వోల్టేజీ నిలకడగా ఉండి, స్పీకర్లన్నీ తీసేసినా సెట్ ఆగిపోతుంటే, అప్పుడు ఐసీని అనుమానించవచ్చు.