ముసురు పట్టకముందే కారు ఇంజనాయిల్ దించుకోండి

తొలకరి నాలుగు జల్లులు పడ్డాక డెల్టా మట్టి జాకీని మొయ్యదు. అమలాపురమైనా, పాలకొల్లైనా, భీమవరమైనా అంతే. పైన ఆరినట్టే కనిపిస్తుంది గానీ అడుగున బంకమన్ను మెత్తగానే ఉంటుంది. కారు ముందుభాగం బరువు పడగానే జాకీ ఓ పక్కకి దిగబడుతుంది, కారు ఒరుగుతుంది. ఇంటి దగ్గర ఆయిల్ మార్చుకునేవాళ్లకి పెద్ద ప్రమాదం ఆయిల్‌తో రాదు, ఇలా వస్తుంది. కాబట్టి మే నెల దాటకుండా పని ముగించండి. మట్టి వాకిలి తప్ప గతి లేకపోతే ప్రతి జాకీ స్టాండు (లేపిన కారు బరువు మోసే ఇనప కాలు) కిందా 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క, అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పుది, వెయ్యండి. ఇది ఎండిన నేల మాట. వాన నానిన నేల మీద ప్లైవుడ్ వేసినా కారు లేపొద్దు.

కారుతో వచ్చే కత్తెర జాకీ టైరు మార్చడానికే. దాన్ని నమ్మి కారు కిందకి తల పెట్టకూడదు. రెండు జాకీ స్టాండులు కావాలి, అవి కూడా కారు మాన్యువల్‌లో చూపించిన చోట్లే ఆనాలి. పెరట్లో ఉన్నాయి కదా అని సిమెంటు ఇటుకలు, కొబ్బరి దుంగలు పెడుతుంటారు. ఇటుక ముందుగా పగులు చూపించకుండానే పొడైపోతుంది, దుంగ దొర్లుతుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది. ఆ చక్రాలు గాల్లోకి లేచాక గేరులో ఉంచినా పట్టు ఉండదు. కారుని ఆపేది వెనక చక్రాల హ్యాండ్ బ్రేకూ, వాటికి ముందూ వెనకా పెట్టిన అడ్డు చెక్కలూ మాత్రమే. స్టాండ్ల మీద దించాక బయట నిలబడే కారుని గట్టిగా కుదిపి చూడండి. కదలకపోతేనే కిందకి వెళ్లాలి. ఆ పని అయ్యేదాకా పక్కన ఇంకో మనిషి ఉండాలి.

ఆయిల్ దించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఇంజను అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌కి ఉండే డ్రెయిన్ బోల్టు విప్పడం. రెండోది, పైనుంచి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) గొట్టంలోకి సన్నటి పైపు దింపి పంపుతో లాగడం. అడుగున పేరుకున్న మడ్డి, నలక బాగా దిగేది మొదటి పద్ధతిలోనే. నేల గట్టిగా ఉన్నప్పుడు అదే చెయ్యండి. వానల మధ్యలో గడువు దాటిపోతుంటే పంపు మేలు, ఎందుకంటే కారు లేపే పనే ఉండదు.

బోల్టు విప్పి దించేటప్పుడు

ఇంజను ఓ అయిదు నిమిషాలు తిప్పి ఆపండి, మూసిన షెడ్డులో మాత్రం తిప్పొద్దు. పావుగంట ఆగండి. ఆయిల్ గోరువెచ్చగా, పల్చగా ఉండాలి గానీ చెయ్యి కాలేటట్టు ఉండకూడదు. సైలెన్సర్ గొట్టం ఆయిల్ కన్నా ఎక్కువసేపు కాలుతూనే ఉంటుంది, మోచెయ్యి దానికే తగులుతుంది. పైన ఆయిల్ మూత తీసి ఉంచితే గాలి అంది ధార ఆగకుండా వస్తుంది.

కిందకి వెళ్లాక ఏది ఇంజను బోల్టో, ఏది గేర్‌బాక్సు బోల్టో ముందు తేల్చుకోండి. ఇంటి పనిలో తరచూ జరిగే పొరపాటు ఇదే. గేరాయిల్ మొత్తం దింపేసి, ఇంజన్లో పాత ఆయిల్ మీద కొత్తది పోస్తారు. ఒకే తప్పుతో రెండూ చెడతాయి. దిగే ఆయిల్ నల్లగా కాకుండా ఎర్రగానో, తేనె రంగులోనో ఉంటే వెంటనే బోల్టు బిగించేసి మళ్లీ చూసుకోండి.

బోల్టు తల చాలా కార్లలో 14 లేదా 17 మి.మీ. ఉంటుంది. సరైన సైజు సాకెట్టో, రింగు స్పానరో పెట్టాలి, సర్దుబాటు స్పానర్ పెడితే తల అంచులు అరిగిపోతాయి. వెల్లకిలా పడుకున్నప్పుడు ఎటు తిప్పాలో తికమక పడతారు. బోల్టు తలకి ఎదురుగా చూస్తూ గడియారం ముళ్లకి వ్యతిరేకంగా తిప్పితే వదులవుతుంది. నర్సాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి, ఇంజను అడుగున కప్పి ఉండే అండర్ కవర్ స్క్రూలు తుప్పుపట్టి మొండికేస్తాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి.

బోల్టు వదులయ్యాక, కింద ఆయిల్ పట్టే ట్రే పెట్టి, వేళ్లతో లోపలికి నొక్కిపట్టే తిప్పండి. మరలు పూర్తిగా వదిలాయని తెలియగానే చటుక్కున పక్కకి లాగాలి. లేకపోతే బోల్టు ట్రేలో పడుతుంది, ఆయిల్ మోచేతి దాకా కారుతుంది. ధార మొదట జానెడు దూరం చిమ్మి, తగ్గేకొద్దీ బోల్టు కిందకి జరుగుతుంది. ట్రేని కూడా దానితోపాటు జరపాలి. ఆ ట్రే కనీసం ఆరు లీటర్లది ఉండాలి. చిన్న పెట్రోలు కార్లలో ఆయిల్ మూడు లీటర్లు, అటూ ఇటూ ఉంటుంది గానీ అంచుదాకా నిండిన ట్రేని తొణక్కుండా బయటికి లాగడం ఎవరివల్లా కాదు. చుక్కలు పడేదాకా పావుగంట వదిలెయ్యండి.

బిగించేటప్పుడు కొత్త వాషర్ వెయ్యండి. పాతది చాంబర్‌కే అతుక్కుని ఉండొచ్చు. గోటితో గీకి చూడండి, వాషర్ మీద వాషర్ పడితే కారుతుంది. మొదటి మరలన్నీ చేత్తోనే ఎక్కాలి. చాంబర్ అల్యూమినియందైతే స్పానర్‌తో బలవంతంగా తిప్పగానే మరలు తెగుతాయి, తర్వాత చాంబరే మార్చాల్సి రావచ్చు. బిగువు, టార్కు రెంచితో కొలిస్తే, చాలా కార్లకి 30 నుంచి 40 న్యూటన్ మీటర్లు. మీ బండికి ఎంతో మాన్యువల్ చూసుకోండి.

ఆయిల్‌తోపాటు మార్చే ఆయిల్ ఫిల్టర్ విషయంలోనూ అంతే. పాత రబ్బరు రింగు ఇంజన్‌కి అతుక్కుపోయి ఉందేమో చూడాలి. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే స్టార్ట్ చేసిన కాసేపటికే ఆయిల్ బయటికి చిమ్ముతుంది. కొత్త రింగుకి ఆయిల్ రాసి, అది ఆనాక ముప్పావు చుట్టు చేత్తో బిగిస్తే చాలు.

పంపుతో లాగేటప్పుడు

ఇంజను గోరువెచ్చగా ఉండాలి. పంపుతో వచ్చిన పైపే వాడండి. నీళ్ల పైపు ముక్క దింపితే వేడికి మెత్తబడి తెగి చాంబర్‌లోనే ఉండిపోతుంది. చెరువు గట్ల మీద డీజిలు లాగినట్టు నోటితో మాత్రం ఎప్పుడూ లాగొద్దు. పైపు అడుగుకి తగిలిందనిపించాక కొద్దిగా పైకి కిందకి కదిపి మళ్లీ లాగండి. వచ్చిన ఆయిల్ కొలవడం తప్పనిసరి. మూడు లీటర్లు పట్టే ఇంజన్లోంచి రెండున్నరే వస్తే మిగతాది లోపలే ఉంది. పైన మూడు పోస్తే మోతాదు మించుతుంది, ఇంజన్లో తిరిగే క్రాంకు షాఫ్టు దాన్ని చిలికి నురగ చేస్తుంది, సీళ్లు కారతాయి. కొన్ని కార్లలో డిప్‌స్టిక్ గొట్టం చాంబర్ అడుగుదాకా పోదు, వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

ఏ పద్ధతిలో దించినా, చెప్పిన మోతాదులో పదో వంతు తగ్గించి పోసి, ఒక్క నిమిషం ఇంజను తిప్పండి. ఆయిల్ లైటు ఆరాలి. ఆపి అయిదు నిమిషాలయ్యాక, కారు సమంగా ఉన్న చోట డిప్‌స్టిక్ చూస్తూ కొద్దికొద్దిగా పొయ్యండి.

వరద నీళ్లలో దిగిన బండి

లంకల వైపు కాజ్‌వేల మీద నీళ్లలో నడిపి ఇంజను ఆగిపోతే మళ్లీ తాళం తిప్పొద్దు. ఇలాంటప్పుడు ఇంజను వెచ్చబెట్టే మాట కూడా మరిచిపోండి. కొన్ని గంటలు కదపకుండా ఉంచి, చల్లగానే బోల్టు వదులు చెయ్యండి. నీరు బరువు కాబట్టి చాంబర్ అడుగున చేరి ముందుగా అదే దిగుతుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో వస్తే నీరు బాగా కలిసిపోయిందని అర్థం. పంపు ఇక్కడ పనికిరాదు. ఎయిర్ ఫిల్టర్ తడిసి ఉంటే సిలిండర్లలోకీ నీళ్లు వెళ్లి ఉండొచ్చు, బండిని లాగించి మెకానిక్ దగ్గరకి తీసుకెళ్లాలి.

మడ్డి ఆయిల్ ఎక్కడికి

దించిన ట్రేని ఆరుబయట వదిలేస్తే వాన నీళ్లు అడుక్కి చేరి, ఆయిల్ తేలి పొంగుతుంది. ఇక్కడ వీధి మురుగు చివరికి బోదెలోకో, కాలవలోకో పోతుంది. మన ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది ఆ కాలవలతోనే. చేపల చెరువు మీద సన్నటి ఆయిల్ పొర పరుచుకున్నా నీటికి ప్రాణవాయువు అందదు. చెదలకనీ, పశువుల పేలకనీ రాసే అలవాటు కూడా మానుకోవాలి. వాడేసిన ఆయిల్ పదేపదే ఒంటికి తగిలితే చర్మ కేన్సర్ ముప్పు ఉంది, అందుకే నైట్రైల్ గ్లౌజులు వేసుకోమంటారు. చేతులు సబ్బుతో కడగండి, పెట్రోలుతో కాదు. నేల మీద ఒలికితే నీళ్లు కొట్టకుండా రంపప్పొట్టు గానీ, రైసుమిల్లు ఊక బూడిద గానీ చల్లి, పీల్చాక ఊడ్చి సంచిలో కట్టండి. ఆ పొట్టు పొయ్యిలోకి పోకూడదు.

దించిన ఆయిల్‌ని, కొత్తది వచ్చిన డబ్బాలోనే పోసి బిగించి, మడ్డి ఆయిల్ అని రాసి, పాత ఆయిల్ డ్రమ్ములకి ఎత్తి రీసైక్లింగ్‌కి పంపే సర్వీస్ సెంటర్లో ఇవ్వండి. కేంద్రం 2016లో తెచ్చిన ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. అందులో బ్రేకాయిల్, కూలెంటు, పెట్రోలు కలపొద్దు, కలిపితే తీసుకోరు.