వహాకా చౌక్‌లో భోజనానికి కూర్చునే ముందు

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు చాలామంది సెలవులకు మెక్సికో వెళ్తున్నారు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా చేతిలో ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేకపోవడం ఒక కారణం. కాన్‌కూన్ రిసార్టుల్లో తిండికి పెద్దగా టెన్షన్ ఉండదు. వహాకా లాంటి పాత ఊరికి, అందులోనూ అక్టోబరు 31 నుంచి నవంబరు 2 దాకా జరిగే చనిపోయినవారి పండగకు వెళ్తే సంగతి వేరు. పిల్లల్ని, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు కాస్త ముందే తెలుసుకుని బయల్దేరాలి.

ఊరి నడిబొడ్డున చెట్ల నీడలో పెద్ద చౌక్ ఉంటుంది. పక్కనే కేథడ్రల్. చుట్టూ రాతి కమానుల వసారాలు, వాటి కింద వరసగా రెస్టారెంట్లు, బయటికి వేసిన బల్లలు. సాయంత్రమైతే మరింబా వాద్యం, బెలూన్లవాళ్లు, శాలువాలు అమ్మే ఆడవాళ్లు. అక్కడ కూర్చుని తినకుండా రావడం నా దృష్టిలో నష్టమే. కాకపోతే పండగ రోజుల్లో రాత్రిపూట బల్ల దొరకడం కష్టం. అక్కడివాళ్ల అసలు భోజనం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య. ఒంటిగంటకల్లా వెళ్లి కూర్చుంటే చోటుకు చోటు దొరుకుతుంది, వెయిటర్ మన ప్రశ్నలు వినే తీరికలోనూ ఉంటాడు.

ఆ ప్రశ్నలే ముఖ్యం. మాంసం వద్దని చెప్పడానికి స్పానిష్‌లో "సిన్ కార్నె" (మాంసం లేకుండా) అంటే సరిపోదు. చాలామంది లెక్కలో కార్నె అంటే గొడ్డు మాంసం, పంది మాంసం. కోడి ముక్కలో, హామో వేసి తెచ్చినా వాళ్లు మాట తప్పినట్టు కాదు. అందుకే మొత్తం వరసగా చెప్పాలి: "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ హమోన్, సిన్ కాల్దో, సిన్ మంతేకా." మాంసం, కోడి, హామ్, మాంసం ఉడికించిన నీళ్లు, పంది కొవ్వు, ఇవేవీ వద్దని. చివరి రెండూ మర్చిపోవద్దు. శాకాహారులు దెబ్బతినేది వాటి దగ్గరే. టమాటా వేసి ఎర్రగా వండిన అన్నాన్ని చాలాచోట్ల కోడి నీళ్లతోనే ఉడికిస్తారు. చిక్కుడు గింజల ముద్దను పంది కొవ్వులో వేయించడం మామూలు. ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలెస్ మొక్కజొన్న పిండిలోనూ ఆ కొవ్వే కలుపుతారు.

వహాకాలో అందరూ అడిగి తినే త్లయూదానే తీసుకోండి. పెద్ద పళ్లెమంత వెడల్పున్న మొక్కజొన్న రొట్టె, దాని మీద చిక్కుడు ముద్ద, పీచులు పీచులుగా విడిపోయే అక్కడి చీజ్. మాంసం లేకుండా తెమ్మంటే చూడడానికి అచ్చం శాకాహారమే. కానీ రొట్టె మీద అన్నిటికన్నా ముందు పూసేది అసియెంతో, అంటే పంది కొవ్వు కాచినప్పుడు అడుగున మిగిలే గసి. చిక్కుడు ముద్ద కింద అది కంటికి కనపడదు. "సిన్ అసియెంతో" అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి, పళ్లెం వచ్చాక చెప్పి లాభం లేదు.

మాంసం తిన్నా గొడ్డు మాంసం ముట్టనివాళ్లు "రెస్" (గొడ్డు మాంసం) అనే మాట గుర్తుపెట్టుకోవాలి. తసాహో, అర్రచేరా రెండూ గొడ్డు మాంసమే. సెసీనా అంటే వహాకాలో మిరప పట్టించిన పంది మాంసం. వేరే రాష్ట్రాల్లో అదే పేరుతో గొడ్డు మాంసం వస్తుంది కాబట్టి ఊరు మారినప్పుడల్లా మళ్లీ అడగాలి. గ్వకమోలె అనే అవకాడో పచ్చడి మీద వేయించిన మిడతలు చల్లి తెచ్చే చోట్లున్నాయి. మెస్కాల్ అనే అక్కడి మద్యంతో పాటు నారింజ ముక్కల మీద చల్లి ఇచ్చే ఎర్రటి ఉప్పులో పురుగుల పొడి ఉంటుంది. వద్దనుకుంటే ముందే చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంట్లో ఎవరికైనా వేరుశనగ, బాదం, నువ్వుల అలర్జీ ఉంటే మోలె జోలికి పోవద్దు. ఆ నల్లటి పులుసులో మిరపకాయలు, చాక్లెట్‌తో పాటు ఈ గింజలు కూడా నూరి కలుపుతారు. బల్ల మీదుండే సల్సాల్లో (కారం పచ్చళ్లలో) ఒకటైన సల్సా మాచాలోనూ సాధారణంగా వేరుశనగ ఉంటుంది. ఏ గింజలు పడవో స్పానిష్‌లో కాగితం మీద రాసుకెళ్లి వెయిటర్ చేతికే ఇవ్వండి. రద్దీలో నోటిమాట వంటింటి దాకా చేరుతుందన్న నమ్మకం లేదు.

కారం మనకు కొత్తా అనుకుంటాం. హబనేరో అనే అక్కడి మిరప కారం మన పచ్చిమిర్చి కారం లాంటిది కాదు. ముందు ఒక్క చుక్క నాలుక మీద వేసి చూడండి. పిల్లల పళ్లెంలో ఏ సల్సా వేసినా అంతకుముందే మీరు రుచి చూడాలి.

కుళాయి నీళ్లు తాగొద్దు. సీలు వేసిన సీసా తెప్పించుకుని మీ ముందే మూత తీయించండి. జమైకా అనే ఎర్రటి పువ్వుల నీళ్లు, బియ్యంతో చేసే ఓర్చాతా గాజు జాడీల్లో ఊరిస్తాయి. అవి తాగాలనుంటే "ఎస్ ఆగ్వా పురిఫికాదా?" (శుద్ధి చేసిన నీళ్లేనా?) అని అడిగే తాగండి. మధ్యలో రంధ్రం ఉన్న గొట్టంలాంటి ఐసు ముక్కలు సాధారణంగా ఫ్యాక్టరీలో శుద్ధి చేసిన నీటితో చేసినవి. వేడిగా పొగలు కక్కుతూ వచ్చినది తినడం, ఎప్పుడు కోశారో తెలియని పచ్చి ముక్కలు వదిలేయడం మంచిది.

మెనూలో ధర ముందు డాలరు గుర్తు చూసి కంగారు పడకండి, అది మెక్సికో కరెన్సీ పెసో గుర్తు కూడా. బిల్లు అడిగితేనే తెస్తారు, అడగకుండా తేవడం అక్కడ మర్యాద కాదు. "లా క్వెంతా, పోర్ ఫవోర్" అనండి. వచ్చాక "ప్రొపీనా" (టిప్పు) అనే పద్దు ఉందేమో చూడండి. టిప్పు చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా 10 నుంచి 15 శాతం ఇవ్వడం ఆనవాయితీ. బిల్లులోనే కలిపితే రెండోసారి ఇవ్వక్కర్లేదు. కార్డు మిషన్‌ను బల్ల దగ్గరికే తెమ్మనండి. పెసోల్లోనా, మీ కరెన్సీలోనా అని అడిగితే పెసోలే నొక్కండి. రెండోదాంట్లో రేటు దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. పాటగాళ్లు వచ్చి నిలబడితే పాటకు ఎంతో అడిగాకే ఊ అనండి.

ఫోన్ బల్ల అంచున పెట్టొద్దు. హ్యాండ్‌బ్యాగ్ కుర్చీకి వెనక తగిలించకుండా ఒళ్లోనే ఉంచుకోండి. అమ్మేవాళ్లతో "నో, గ్రాసియాస్" అని మర్యాదగా అంటే చాలు. వాళ్లది కష్టం చేసుకునే బతుకు, విసుక్కోకండి.

ఈ చౌక్‌లో ఉపాధ్యాయుల ధర్నాలు తరచూ జరుగుతాయి. 2006లో మొదలైన సమ్మె నెలల తరబడి ఊరిని స్తంభింపజేసింది. గుడారాలు, ఊరేగింపు కనిపిస్తే ఆ పూటకు వేరే వీధిలో తినండి. విదేశీయులు రాజకీయాల్లో తలదూర్చకూడదని మెక్సికో రాజ్యాంగం 33వ అధికరణంలో ఉంది కాబట్టి జెండా పట్టుకుని సెల్ఫీలు కూడా వద్దు.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. అక్కడి మందుల షాపులో "సుఎరో ఓరల్" అన్నా ఇస్తారు. చాలా షాపుల పక్కనే చిన్న క్లినిక్ ఉంటుంది, యాంటీబయాటిక్స్‌కు డాక్టరు చీటీ కావాలి. విరేచనంలో రక్తం పడినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, పిల్లలు నీళ్లు కూడా నిలుపుకోలేకపోతున్నా తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. అత్యవసర నంబరు అక్కడా 911.