యూరప్‌కి కొత్తగా వచ్చారా? మీ బ్యాంకు డబ్బుకు ఏ దేశం పూచీనో చూసుకోండి

జర్మనీకో, ఐర్లాండుకో, నెదర్లాండ్స్‌కో వచ్చిన మొదటి నెలలో మనవాళ్లందరి హడావుడీ ఒకటే. ఇల్లు వెతుక్కోవాలి, అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి, సిమ్ కార్డు, హెల్త్ ఇన్సూరెన్స్, ఆ తర్వాత బ్యాంకు ఖాతా. ఖాతా తెరిచేటప్పుడు చూసేవి రెండే: నెలకు ఛార్జీ ఎంత, యాప్ ఇంగ్లీషులో ఉందా లేదా. ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చిన కొత్తలో నేనూ అంతకు మించి చూడలేదు. యూరప్ కదా, ఇక్కడ బ్యాంకులు మునగడం ఏమిటి అనుకున్నాను. కానీ ఇక్కడా మునుగుతాయి. మునిగిన రోజున మీ డబ్బు ఎవరిస్తారన్నది మీరు ఉండే దేశాన్ని బట్టి కాదు, ఆ బ్యాంకుకు లైసెన్సు ఏ దేశానిదో దాన్ని బట్టి ఉంటుంది. ఈ ఒక్క సంగతి మొదట్లోనే తెలిస్తే బాగుండేదని నాకు అనిపిస్తుంది కాబట్టి, కొంచెం పొడవైనా వివరంగా రాస్తున్నాను.

నాకు ఇది ఇంత పట్టింపు కావడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. 2000ల మొదట్లో హైదరాబాద్‌లో కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకులు కొన్ని వరసగా చేతులెత్తేశాయి, ఆ రోజులు గుర్తున్నవాళ్లు ఇది చదివేవాళ్లలో ఉంటారు. మా నాన్న రిటైర్మెంట్ డబ్బులో కొంత అలాంటి ఒక బ్యాంకులో వేశారు, మిగతా చోట్ల కన్నా వడ్డీ కాస్త ఎక్కువ ఇస్తున్నారని. ఒక ఉదయం వెళ్తే షట్టర్ సగం దించి ఉంది, దాని మీద టైపు చేసిన కాగితం అతికించి ఉంది, బయట ముసలివాళ్లు పాస్‌బుక్కులు పట్టుకుని నిలబడి ఉన్నారు. అప్పట్లో మన దేశంలో డిపాజిట్ బీమా లక్ష రూపాయలే. ఆ లక్ష వచ్చింది, అదీ తిరగ్గా తిరగ్గా, చాలా ఆలస్యంగా. మిగతాది రాలేదు. ఆ పాస్‌బుక్ అమ్మ బీరువాలో చీరల కింద ఇప్పటికీ ఉంది. ఎందుకు దాచిందో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

సరే, ఇక్కడి లెక్కకు వద్దాం. యూరోపియన్ యూనియన్‌లో ఏ బ్యాంకు దివాలా తీసినా, ఒక్కో మనిషికి ఒక్కో బ్యాంకులో లక్ష యూరోల వరకు తిరిగి ఇవ్వాలని చట్టం. మన లెక్కలో కాస్త అటూ ఇటూగా కోటి రూపాయలు. కరెంట్ ఖాతా, పొదుపు ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్ అన్నీ కలిపే ఈ లక్ష. భార్యాభర్తల జాయింట్ ఖాతా అయితే ఇద్దరికీ విడివిడిగా లెక్కేస్తారు, అంటే రెండు లక్షలు. మీ పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది ఎవరూ అడగరు, స్టూడెంట్ వీసా మీద వచ్చినా, ఉద్యోగానికిచ్చే బ్లూ కార్డు మీద వచ్చినా ఒకటే రక్షణ. డబ్బు 7 పనిదినాల్లో చేతికి రావాలి, సాధారణంగా దరఖాస్తు కూడా పెట్టక్కర్లేదు. మునుపు ఈ గడువు 20 పనిదినాలుండేది, మెల్లగా తగ్గిస్తూ 2024 నుంచి 7కి తెచ్చారు.

ఇక ఈ లక్ష ఎవరిస్తారు? చాలామంది యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు అనుకుంటారు, కానీ అది ఒక్క యూరో కూడా ఇవ్వదు. జర్మన్ బ్యాంకు అయితే జర్మనీలోని నిధి, ఫ్రెంచ్ బ్యాంకు అయితే ఫ్రాన్స్ నిధి, ఐరిష్ బ్యాంకు అయితే ఐర్లాండ్ సెంట్రల్ బ్యాంకు నడిపే పథకం. ఏ దేశం నిధి ఆ దేశానిదే, దాంట్లో డబ్బు పోసేది ఆ దేశంలోని బ్యాంకులే. బీమా వర్తించే డిపాజిట్లలో 0.8 శాతం దాకా ఈ నిధులు నింపుకోవాలని నియమం. అంటే మామూలు చిన్న బ్యాంకు పోతే సరిపోతుంది, పెద్దది పోతే ఏ దేశం నిధీ ఒంటరిగా సరిపోదు.

మన దగ్గర అలా కాదు. హైదరాబాద్‌లో బ్యాంకు మునిగినా గువాహటిలో మునిగినా డబ్బు ఇచ్చేది ఒకే సంస్థ, రిజర్వ్ బ్యాంకు కింద ఉండే డీఐసీజీసీ. పరిమితి చిన్నదే, 2020 ఫిబ్రవరిలో లక్ష నుంచి 5 లక్షల రూపాయలకు పెంచారు. కానీ తెలంగాణకు వేరే నిధి, అస్సాంకు వేరే నిధి అనే మాట లేదు. అమెరికాలోనూ 1934 నుంచి దేశమంతటికీ ఒకే బీమా. యూరో వాడే దేశాల్లో మాత్రం కరెన్సీ ఒకటే, పెద్ద బ్యాంకుల మీద తనిఖీ కూడా 2014 నవంబర్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకే చేస్తోంది, మునిగే బ్యాంకును ఏం చేయాలో తేల్చే బోర్డు బ్రస్సెల్స్‌లో ఉంది, కానీ డిపాజిటర్‌కి డబ్బిచ్చే పెట్టె మాత్రం ఇంటికొకటి. ఉమ్మడి కుటుంబంలో పెత్తనం అందరి మీదా ఒకరిదే అయ్యుండి, ఆపదొచ్చిన రోజున మాత్రం ఎవరి పెట్టె వాళ్లే తెరుచుకోండి అన్నట్టు.

దీనివల్ల ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు, జరిగినవే ఉన్నాయి. 2008 అక్టోబర్‌లో ఐస్‌లాండ్‌లోని లాండ్స్‌బాంకి కూలిపోయింది. ఆ బ్యాంకు ఐస్‌సేవ్ పేరుతో బ్రిటన్‌లోనూ నెదర్లాండ్స్‌లోనూ ఎక్కువ వడ్డీ చూపించి లక్షల మంది దగ్గర డిపాజిట్లు తీసుకుంది. పూచీ ఉండాల్సింది ఐస్‌లాండ్ నిధి, ఆ దేశ జనాభా మొత్తం మూడు లక్షల చిల్లర. ఆ నిధి వల్ల కాలేదు. బ్రిటన్, నెదర్లాండ్స్ ప్రభుత్వాలు తమ ప్రజలకు తామే ఇచ్చుకుని, ఆ డబ్బు కోసం ఐస్‌లాండ్‌తో ఏళ్ల తరబడి గొడవపడ్డాయి, 2013 జనవరిలో కోర్టు తీర్పు ఐస్‌లాండ్‌కే అనుకూలంగా వచ్చింది.

సైప్రస్‌ది ఇంకా భయపెట్టిన కథ. 2013 మార్చిలో ఆ దేశానికి అప్పు ఇవ్వడానికి పెట్టిన మొదటి షరతులో, లక్ష యూరోల లోపు డిపాజిట్ల మీద కూడా 6.75 శాతం కోత అన్నారు. బీమా ఉందని చెప్పిన డబ్బు మీదే కోత! పార్లమెంటు తిప్పికొట్టాక ఆ మాట వెనక్కి తీసుకున్నారు, లక్ష లోపు వాళ్లను వదిలేసి లక్ష పైన ఉన్నవాళ్ల మీద భారం వేశారు. ఈలోగా బ్యాంకులు దాదాపు రెండు వారాలు మూతపడ్డాయి, తెరిచాక రోజుకు 300 యూరోల కన్నా తీసుకోనివ్వలేదు. సైప్రస్ రాజధాని నికోసియాలోని యూరో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరో ఒకటేనా అన్న అనుమానం జనానికి అప్పుడే పుట్టింది.

బల్గేరియా సంగతి తక్కువమందికి తెలుసు గానీ నాకు అదే ఎక్కువ గుర్తుంటుంది. 2014 జూన్‌లో అక్కడి కార్పొరేట్ కమర్షియల్ బ్యాంకు తలుపులు మూసింది. బీమా ఉన్న డిపాజిటర్లకు కూడా డిసెంబర్ దాకా పైసా అందలేదు. నిధిలో ఉన్నది చాలక ప్రభుత్వం దగ్గర అప్పు తెచ్చారు. ఐదారు నెలలు జీతం డబ్బు చేతికి రాకపోతే అద్దె ఎలా కట్టాలి, ఇంటికి ఏం పంపాలి?

అలాగని భయపడి పరుపు కింద డబ్బు దాచుకోమని కాదు నేను చెప్పేది. సాఫీగా జరిగినవీ ఉన్నాయి. 2021 మార్చిలో జర్మనీ బ్రేమెన్‌లోని గ్రీన్‌సిల్ బ్యాంకు మూతపడితే, మామూలు డిపాజిటర్లకు కొద్ది వారాల్లోనే డబ్బు అందింది, పోగొట్టుకున్నది ఎక్కువ వడ్డీ కోసం అక్కడ ప్రజాధనం పెట్టిన కొన్ని మునిసిపాలిటీలు, వాటికి ఈ బీమా వర్తించదు కాబట్టి. 2022 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ ట్రేడ్ బ్యాంకు దివాలా తీస్తే డచ్ పథకం బాధ్యత తీసుకుంది. తేడా ఎక్కడుందో చూడండి: జర్మనీ, నెదర్లాండ్స్ బలమైన దేశాలు, మునిగినవి చిన్న బ్యాంకులు. బలహీన దేశంలో పెద్ద బ్యాంకు పోతే నిధి ఖాళీ అవుతుంది, ప్రభుత్వం అప్పు చేసి ఆదుకోవాలి, దాంతో ప్రభుత్వ పరపతి పడిపోతుంది, ఆ ప్రభుత్వ బాండ్లు కొనిపెట్టుకున్న మిగతా బ్యాంకులు కూడా వణుకుతాయి. బావిలో పడ్డవాణ్ణి లాగబోయి గట్టున ఉన్నవాడూ పడ్డట్టు.

ఈ చిక్కు తెంచడానికే యూరోపియన్ కమిషన్ 2015 నవంబర్ 24న ఉమ్మడి డిపాజిట్ బీమా ప్రతిపాదన పెట్టింది. ఇక్కడ దాన్ని ఎడిస్ అంటారు. మొదట దేశాల నిధులకు వెనక నుంచి సాయం, తర్వాత నష్టంలో వాటా, చివరికి 2024 నాటికి పూర్తిగా ఒకే నిధి అన్నది ఆ పథకం. 2024 వచ్చింది, వెళ్లింది, నిధి రాలేదు. అన్నింటికన్నా గట్టిగా అడ్డం పడింది జర్మనీ. వాళ్ల వాదన అర్థం లేనిదేం కాదు: ఇటలీ లాంటి దేశాల బ్యాంకుల్లో మొండి బాకీలు పేరుకుపోయి ఉన్నాయి, బ్యాంకులన్నీ సొంత ప్రభుత్వ బాండ్లు మోస్తున్నాయి, ముందు ఆ మురికి కడుక్కోండి, తర్వాత నిధి కలుపుదాం అన్నారు. దానికి తోడు ఇక్కడి స్పార్కాసేలు (ఊరూరా ఉండే పొదుపు బ్యాంకులు), సహకార బ్యాంకులు ఒకదాన్నొకటి ఆదుకునే సొంత ఏర్పాటు ఎప్పటినుంచో నడుపుకుంటున్నాయి, ఎవరో చేసిన అప్పులకు మా ఊరి పొదుపు ఎందుకు పెట్టాలని వాటి ప్రశ్న. 2019 చివర్లో అప్పటి జర్మన్ ఆర్థిక మంత్రి ఓలాఫ్ షోల్జ్ షరతులతో కాస్త మెత్తబడ్డారు, అయినా 2022 జూన్‌లో యూరప్ దేశాల ఆర్థిక మంత్రులు దీన్ని పక్కనపెట్టి, మునిగే బ్యాంకులను నిర్వహించే నియమాలు బాగుచేయడం వరకే పరిమితమయ్యారు. ఆ నియమాల మీద 2025 జూన్‌లో ఒప్పందం కుదిరింది. ఉమ్మడి నిధి మాత్రం ఇంకా కాగితం మీదే.

నా ఉద్దేశంలో జర్మనీ అడిగిన శుభ్రత చాలావరకు జరిగింది, మొండి బాకీలు బాగా తగ్గాయి, ఇంకా వాయిదా వేయడం న్యాయం కాదు. మనలాంటి వాళ్లకు ఇది మరీ ముఖ్యం. రెండేళ్లు డబ్లిన్‌లో, మూడేళ్లు మ్యూనిక్‌లో, ఆ తర్వాత లిస్బన్‌లో ఉద్యోగాలు చేస్తూ తిరిగేది మనమే, మనతోపాటు మన డబ్బూ తిరుగుతుంది, దాని పూచీ మాత్రం ప్రతి సరిహద్దు దగ్గరా మారుతుంది.

అది వచ్చేలోగా మీరు చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఖాతా తెరిచినప్పుడు బ్యాంకు ఒక కాగితం ఇస్తుంది, ఏడాదికోసారి మళ్లీ పంపుతుంది. జర్మనీలో దాని పేరు ఇన్‌ఫర్మాత్సియోన్స్‌బోగెన్ ఫ్యూర్ డెన్ ఐన్‌లేగర్, అంటే డిపాజిటర్‌కి సమాచార పత్రం. మనం చదవకుండా టిక్కు పెట్టేసేది అదే. నేను ఓ ఆదివారం పూట కూర్చుని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను, పెద్దగా ఏమీ ఉండదు, ఒక పట్టిక. అందులో మొదటి వరుసలోనే మీ డిపాజిట్లకు రక్షణ ఇచ్చే పథకం పేరు ఉంటుంది. ఆ ఒక్క వరుస చూడండి. ఫోన్ యాప్‌తో నడిచే బ్యాంకుల విషయంలో ఇది మరీ అవసరం, ఎందుకంటే అన్నీ ఒకేలా కనిపిస్తాయి: ఎన్26 బెర్లిన్‌ది కాబట్టి జర్మన్ పథకం, బుంక్ ఆమ్‌స్టర్‌డామ్‌ది కాబట్టి డచ్ పథకం, రెవొలూట్ యూరప్ బ్యాంకు లైసెన్సు లిథువేనియాది, మీ ఐబాన్ (ఖాతా నంబరు) జర్మన్‌దైనా చూడాల్సింది లైసెన్సునే. ఇందులో ఏదో మంచిది, ఏదో చెడ్డది అని కాదు, ఎవరి పూచీ అన్నది తెలిసి పెట్టుకోండి అని. బ్యాంకు లైసెన్సు లేకుండా డబ్బు పంపడానికే ఉన్న యాప్‌లకైతే ఈ లక్ష యూరోల బీమా నేరుగా వర్తించదు, వాళ్లు కస్టమర్ల డబ్బు విడిగా ఉంచాలన్న నియమం మాత్రమే ఉంటుంది. అక్కడ అవసరానికి మించి నిల్వ ఉంచకండి.

వడ్డీ ఎక్కువని చూపించే వెబ్‌సైట్లు కొన్ని మీ డబ్బును ఇంకో దేశంలోని బ్యాంకులో పెడతాయి. పావు శాతం ఎక్కువొస్తే పెట్టొచ్చు, తప్పు లేదు, కానీ ఆ బ్యాంకు ఏ దేశానిదో చదివాకే. మరో మెలిక, రెండు వేర్వేరు పేర్లతో ఉన్న బ్యాంకులు ఒకే లైసెన్సు కింద ఉండొచ్చు, అప్పుడు రెండు చోట్లా కలిపి లక్షే. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, క్రిప్టో ఈ బీమాలోకి రావు.

జర్మనీ వచ్చే విద్యార్థులు వీసా కోసం ముందే డబ్బు వేసి చూపించే బ్లాక్డ్ అకౌంట్ ఏడాదికి 11,904 యూరోలే కాబట్టి పరిమితి గురించి టెన్షన్ వద్దు, ఆ డబ్బు అసలు ఏ బ్యాంకులో కూర్చుంటోందో మాత్రం ఆ సర్వీసు వాళ్లను మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఇల్లు కొనడానికో అమ్మినందుకో పెద్ద మొత్తం ఖాతాలోకి వచ్చే కుటుంబాలు వేరే జాగ్రత్త తీసుకోవాలి. ఇల్లు అమ్మిన డబ్బు లాంటి వాటికి కొంతకాలం ఎక్కువ రక్షణ ఉంటుంది, జర్మనీలో 6 నెలల పాటు 5 లక్షల యూరోల దాకా, మిగతా దేశాల్లో 3 నుంచి 12 నెలల మధ్య. కాకపోతే ఆ అదనపు మొత్తాన్ని మీరే అడిగి, రుజువు చూపించి తెచ్చుకోవాలి. అంత తిరుగుడు ఎందుకు, ముందే రెండు బ్యాంకుల్లో విడదీసి పెట్టుకుంటే పోతుంది.

చివరిగా చిన్న పనిలా కనిపించేది ఒకటి. బ్యాంకు మూతపడితే బీమా పథకం వాళ్లు ఉత్తరం రాసేది బ్యాంకు రికార్డులో ఉన్న మీ చిరునామాకే. మనం మొదటి ఏడాదిలో రెండు మూడు ఇళ్లు మారతాం, టౌన్‌హాల్‌లో కొత్త అడ్రస్ చెప్తాం, బ్యాంకుకు చెప్పడం మర్చిపోతాం. ఇది చదవడం అయ్యాక యాప్ తెరిచి మీ అడ్రస్ ఇప్పుడున్న ఇంటిదేనా అని ఒక్కసారి చూసుకోండి.