కిట్ కారుతో తక్కువ ఖర్చు రేసింగ్: ట్రాక్ మీద ఎదురయ్యే సమస్యలు - పరిష్కారాలు

1957లో వచ్చిన లోటస్ సెవెన్ పోలికలో ఇంట్లోనే కట్టుకునే కిట్ కార్లు తక్కువ ఖర్చుతో రేసింగ్ మొదలుపెట్టడానికి ఇప్పటికీ మంచి దారే. స్టీలు గొట్టాలు వెల్డింగ్ చేసిన చాసీ (కారు అస్థిపంజరం), పాత కారు నుంచి తీసిన ఇంజను, గేర్‌బాక్సు. బరువు 500 - 600 కిలోల చుట్టూ ఉంటుంది కాబట్టి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి. అయితే ఈ కార్లలో లోపాలు చాలావరకు భాగాల నాణ్యత వల్ల రావు, వాటిని బిగించిన తీరు వల్ల వస్తాయి. కొత్త భాగం కొనే ముందు కారణం వెతకమనేది అందుకే.

కారు తయారైంది, ఏ పోటీలోనూ చేర్చుకోవడం లేదు

నిబంధనలు చదవకుండా కట్టడం దీనికి కారణం. ఇంజను రకం, టైర్లు, కనీస బరువు, రోల్ కేజ్ (కారు బోల్తా పడితే డ్రైవరును కాపాడే గొట్టాల పంజరం) గొట్టం వ్యాసం, మందం అన్నీ క్లాసును, అంటే పోటీ విభాగాన్ని బట్టి మారతాయి. ముందు క్లబ్బు, ఆ తర్వాత క్లాసు, ఆపైనే కిట్ ఆర్డరు. పోటీ చేయడమే లక్ష్యమైతే అదే క్లాసులో ఇప్పటికే పరిగెడుతున్న పాత కారు కొనడం దాదాపు ఎప్పుడూ చవకే: కేజ్, సీటు, బెల్టులు, స్విచ్చులు దాంతోపాటే వచ్చేస్తాయి. కట్టడమంటే ఇష్టం ఉన్నవాళ్లే కట్టుకోవాలి.

పోటీకి ముందు జరిగే తనిఖీలో ఆపేశారు

ఎక్కువగా దొరికిపోయేది కిల్ స్విచ్, అంటే ప్రమాదంలో కరెంటు మొత్తం తెంచి ఇంజనును ఆపే స్విచ్. స్విచ్ తిప్పాక కూడా ఇంజను ఆగదు. రెండు టెర్మినళ్ల స్విచ్ బ్యాటరీని మాత్రమే తెంచుతుంది, ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు మాత్రం ఇగ్నిషన్‌కు కరెంటు ఇస్తూనే ఉంటుంది. ఇగ్నిషన్‌ను కూడా తెంచే, ఆల్టర్నేటరు కరెంటును రెసిస్టర్ ద్వారా వదిలేసే మోటార్‌స్పోర్ట్ స్విచ్ పెట్టాలి. ఇంజను తిరుగుతుండగా పరీక్షించాలి, ఆగి ఉన్నప్పుడు చేసే పరీక్షకు విలువ లేదు.

బెల్టుల మీది గడువు తేదీ, హెల్మెట్ స్టిక్కరు, ఆయిల్ క్యాచ్ ట్యాంక్ (ఇంజను నుంచి బయటికి వచ్చే ఆయిల్‌ను పట్టే డబ్బా) సైజు, థ్రాటిల్‌కు రిటర్న్ స్ప్రింగు, పెట్రోలు ట్యాంకుకూ డ్రైవరుకూ మధ్య రేకు గోడ: వీటిని ఇంట్లోనే సరిచూసుకోండి. హెల్మెట్ పెట్టుకుని, బెల్టులు బిగించుకుని కూర్చున్నప్పుడు తల రోల్ బార్ (తల వెనక ఉండే రక్షణ గొట్టం) కంటే కిందికి ఉండాలి. పొడవైనవాళ్లు సీటు బిగించకముందే ఇది కొలవాలి.

బ్రేకులు

ముందు పెడల్ ఏం చెబుతోందో గమనించాలి. నాలుగు ల్యాపుల తర్వాత మెత్తబడి కిందిదాకా వెళ్లిపోతే బ్రేక్ ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు పుట్టినట్టు. ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. పైన కాస్త పోసి సరిపెట్టకుండా మొత్తం మార్చాలి.

మొదటి రోజు నుంచే మెత్తగా ఉండి, ఎంత బ్లీడ్ చేసినా (పైపుల్లోని గాలి తీసినా) మారకపోతే కాలిపర్లను, అంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలను చూడండి. కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే గాలి వదిలే బ్లీడ్ నిపుల్ కింద పడుతుంది, గాలి పైనే చిక్కుకుపోతుంది. నిపుల్ ఎప్పుడూ పైభాగంలో ఉండాలి. కిట్ కార్లలో ఇది తరచుగా జరిగే పొరపాటు.

పెడల్ గట్టిగానే ఉంది, కారు మాత్రం ఆగడం లేదు. వేడెక్కాక ఇలా అయితే రోడ్డు ప్యాడ్లు తమ హద్దు దాటాయి, రేస్ ప్యాడ్లు వేయాలి. చల్లగా ఉన్నప్పుడు కూడా ఇలాగే ఉంటే సర్వో (కాలి బలాన్ని పెంచే పరికరం) తీసేసి, పెడల్ తొక్కినప్పుడు ఫ్లూయిడ్‌ను నెట్టే పాత మాస్టర్ సిలిండరునే వాడుతున్నారేమో చూడండి. బోరు (లోపలి వ్యాసం) చిన్నదైన సిలిండరు వేస్తే అదే కాలి బలానికి ఒత్తిడి పెరుగుతుంది, పెడల్ ప్రయాణమూ కొంత పెరుగుతుంది.

మొదటి తొక్కుకు లోతుగా వెళ్లి, రెండో తొక్కుకు సరిగా అందితే వీల్ బేరింగులో ప్లే (వదులు) ఉంది. కారు జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే తెలుస్తుంది. బ్రేకులు వేడెక్కే కొద్దీ వాటంతట అవే పట్టేస్తుంటే పుష్‌రాడ్‌కూ (పెడల్ నెట్టే కడ్డీకీ) మాస్టర్ సిలిండరుకూ మధ్య ఖాళీ లేదు, 1 మి.మీ. వదలండి.

పొడవైన మలుపులో ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతోంది

ఈ జాబితాలో ఇంజనును చంపేది ఇదే. మలుపులో ఆయిల్ సంప్‌లో (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఒక పక్కకు ఎగబాకుతుంది, ఆయిల్‌ను పంపుకు పీల్చే పికప్ పైపు గాలి పీలుస్తుంది, బేరింగులు పొడిగా తిరుగుతాయి. నేలకు తగలకుండా సంప్‌ను కోసి పొట్టి చేసిన కార్లలో ఆయిల్ పరిమాణమే తక్కువ కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ.

ముందుగా ఆయిల్‌ను పై గీత దాకా నింపండి. తర్వాత సంప్‌లో పికప్ చుట్టూ అడ్డు రేకులు, లోపలి వైపే తెరుచుకునే చిన్న తలుపులు పెట్టించండి. మెత్తని టైర్లతో ఇంకా పడుతుంటే ఒత్తిడితో ఆయిల్ నిల్వ ఉంచే అక్యుములేటరు, ఆపైన డ్రై సంప్ (ఆయిల్‌ను ఇంజను అడుగున కాకుండా విడి ట్యాంకులో ఉంచే ఏర్పాటు) పెట్టాలి. కారుతో వచ్చిన వార్నింగ్ లైటును నమ్మవద్దు, ఒత్తిడి దాదాపు సున్నాకు చేరాకే అది వెలుగుతుంది. 20 పీఎస్ఐ దగ్గర వెలిగే స్విచ్, కళ్ల ఎదుటే పెద్ద దీపం పెట్టండి. వెలిగిన క్షణమే కాలు తీసేయాలి.

మలుపులో ఇంజను తడబడి, ట్యాంకు నింపగానే బాగైతే అది పెట్రోలు ఒక పక్కకు చేరడం వల్ల వచ్చేది. ట్యాంకులో ఫోము, పంపు ముందు స్విర్ల్ పాట్ (కొంత పెట్రోలును ఎప్పుడూ నిల్వ ఉంచే చిన్న డబ్బా) పెడితే పోతుంది.

ఒక పక్కకు బాగా తిరుగుతోంది, రెండో పక్కకు జారుతోంది

స్ప్రింగులు మార్చకండి. ముందు సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు సడలించండి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా వాటిని బిగిస్తే, కారు నేల మీదికి దిగాక బుష్‌లు మెలిపడి తామే స్ప్రింగుల్లా పనిచేస్తాయి. కారును చక్రాల మీద నిలబెట్టి, సీట్లో మనిషి బరువు పెట్టి, కొన్నిసార్లు ఊపి, అప్పుడు బిగించాలి.

దాని తర్వాత నాలుగు చక్రాల బరువులు. చదునైన నేల మీద నాలుగు తూకాలు, సీట్లో డ్రైవరు, సగం ట్యాంకు పెట్రోలు, సరిచేసిన టైరు గాలి, విప్పిన యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ). ఎడమ ముందు, కుడి వెనక కలిపితే మొత్తంలో 50 శాతం రావాలి. ఏ మూల స్ప్రింగు పీటను పైకి తిప్పితే ఆ మూలా, దానికి ఐమూలగా ఉన్నదీ బరువెక్కుతాయి, మిగతా రెండూ తేలికవుతాయి. అర చుట్టు తిప్పి, కారును ముందుకీ వెనక్కీ దొర్లించి, మళ్లీ చూడండి.

కారంతా జారుడుగా ఉంటే టైరు గాలి ఎక్కువైనట్టే. 30 పీఎస్ఐ అలవాటు ఈ బరువుకు పనికిరాదు. చల్లగా ఉన్నప్పుడు 18 - 20 దగ్గర మొదలుపెట్టి, ట్రాక్ నుంచి రాగానే వేడి మీద కొలిచి సవరించుకోవాలి.

స్టార్టరు నీరసంగా తిరుగుతోంది, థ్రాటిల్ కేబుల్ వేడెక్కుతోంది

ఇది ఎర్త్ లోపం, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి సరిగా లేదు. ఫైబర్ బాడీలో కరెంటు పారదు, చాసీ మీది పౌడర్ కోటింగ్ కూడా పారనివ్వదు. ఇంజనుకు ఎర్త్ లేకపోతే స్టార్టరు కరెంటు థ్రాటిల్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది, కేబుల్ పట్టేస్తుంది. మందమైన తీగ ఒకటి ఇంజను నుంచి చాసీకి, మరొకటి బ్యాటరీ నుంచి చాసీకి వేయండి. రంగు గీకి లోహం కనిపించాకే బోల్టు బిగించి, పైన గ్రీజు రాయండి.

వేగంగా వెళుతున్నా నీళ్లు మరుగుతున్నాయి

గాలి రేడియేటరు పక్కల నుంచి తప్పించుకుపోతోంది. రేడియేటరు అంచులకూ ముక్కు భాగానికీ మధ్య సందులను రేకుతో, ఫోముతో మూసేయండి. వేగం తగ్గినప్పుడే మరిగితే ఫ్యాను చూడాలి. హెడర్ ట్యాంక్ (రేడియేటరు నీళ్లు నింపే ట్యాంకు) మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే ఎత్తున లేకపోతే లోపల గాలి బుడగ ఎప్పటికీ పోదు.

ఒక వేగం దాటాక నడుము కింద వణుకు

చక్రాల బ్యాలెన్స్ సరిగ్గా ఉంటే గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసులోని డిఫరెన్షియల్‌కు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణాలు కొలవండి. షాఫ్ట్ బిగించే గేర్‌బాక్సు ఫ్లాంజీ, డిఫరెన్షియల్ ఫ్లాంజీ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. తేడా ఉంటే గేర్‌బాక్సు మౌంటు కింద పలుచని ప్యాకింగ్ వేసి సరిచేయండి, షాఫ్ట్ రెండు చివర్ల బోల్టులకు కొత్త లాక్ నట్లు వేయండి.